మిషను మీద టోపీ

“ఒక్క మాట చాలు తమ్ముడూ. ‘మర్చిపోయాను’ అని ఒక్క మాట.”

పెద్దవాడు కూర్చోలేదు. మిల్లులో షెడ్డు మేనేజరయ్యాక అమ్మ ఇంట్లో కూర్చోవడం మానేశాడు. ఎప్పుడొచ్చినా గుమ్మం పక్కనే నిలబడి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు. ఈరోజు తాళాలు జేబులోంచి బయటికి రాలేదు.

చిన్నవాడు గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. బేకరీ మంటల్లో ఎర్రగా కాలిన తలుపు గడియను వట్టి చేతులతో లాగినందుకు మిగిలినవి. పక్కన భార్య గ్లాసు పట్టుకుని టీ తాగిస్తోంది.

“మర్చిపోలేదుగా,” అన్నాడు.

“మర్చిపోయావని చెప్పమనే నేను బతిమాలుతున్నది.”

“చెప్పనని నేననేదీ అదే.”

కుట్టుమిషను దగ్గర అమ్మ తల ఎత్తలేదు. మంటలార్పే దళం వాళ్ళ కోటు ఒకదానికి కాలిపోయిన చెయ్యి విప్పి కొత్తది అతుకుతోంది. ఊళ్ళో అందరూ ఆమెను కెప్టెనమ్మ అంటారు. జీతం లేని అగ్నిమాపక దళానికి ఆమే పెద్ద. సైరన్ మోగితే దర్జీ పని వదిలి ఇనుప టోపీ పెట్టుకునే మనిషి.

“మూడింటికి విచారణ,” అన్నాడు పెద్దవాడు. “హెడ్డాఫీసు నుంచి ఒకావిడ దిగింది. నువ్వు మర్చిపోయానని ఒప్పుకుని, దళంలోంచి తప్పుకుంటానంటే గోడౌన్లో పనిస్తారు. కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. కాదని మొండికేశావో, గేటు బయటికే.”

“టోపీ తగిలించే వెళ్ళాను అన్నయ్యా.”

“ఏదీ ఆ టోపీ? చూపించు. షెడ్డంతా వెతికించాను. మిషను మీద లేదు, కింద లేదు, చెత్తలో లేదు. టోపీకి కాళ్ళొచ్చాయా?”

చిన్నవాడు కట్ల వంక చూసుకున్నాడు. భార్య చేతిలో గ్లాసు కొంచెం ఒరిగి టీ అతని చొక్కా మీద ఒలికింది. ఆమె గబగబా కొంగుతో తుడిచింది.

ఆ మిల్లులో రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. ఊరి సైరన్ వినిపిస్తే దళంలో ఉన్న కార్మికుడు తలమీది నూలు టోపీ తీసి తన మిషను పిడికి తగిలించి పరుగెత్తుతాడు. పక్క మిషన్ల వాళ్ళలో ఎవరో ఒకరు దాన్ని తీసి తమ టోపీ మీదే పెట్టుకుంటారు. అప్పట్నుంచి ఆ మిషను పూచీ వాళ్ళది. వెళ్ళేవాడు మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవరు తీశారా అని చూశాడంటే తోటివాళ్ళను నమ్మలేదనే అర్థం. అంతకు మించిన అవమానం ఆ షెడ్డులో మరొకటి లేదు.

చిన్నవాడు కూడా వెనక్కి చూడలేదు. అతను బేకరీ వాళ్ళ ముసలమ్మను మేడమీంచి దించుతున్న సమయానికి మిల్లులో తెగిన దారం కండెలకు చుట్టుకుని, బిగిసి, మోటారు కాలిపోయింది. ఆ వరుసంతా ఆగిపోయింది. వారం తిరగబోతోంది, ఆ వరుసలో ఎవరికీ కూలి లేదు. వీధిలో వీళ్ళతో మాట్లాడేవాళ్ళూ లేరు.

“అన్నయ్యా, ఒకటి చెప్పు. నేను టోపీ తగిలించకుండా వెళ్ళే మనిషినా?”

పెద్దవాడు కిటికీ వైపు చూశాడు.

అప్పుడు అమ్మ మిషను ఆపింది.

“వాడు దళంలోంచి తప్పుకుంటే తర్వాత ఎవరు మిగుల్తారో తెలుసా పెద్దోడా? నేనూ, ఆ మంగలీ. మేమిద్దరం గొట్టం చెరో చివరా పట్టుకుని నిలబడితే మంట జాలిపడి ఆరిపోవాలి.”

“అది ఊరి సమస్యమ్మా. వాడిది ఉద్యోగం సమస్య.”

“నీదే ఊరు?”

“గుట్ట మీద ఇల్లు కట్టుకోవడం నేరమా? కష్టపడి కట్టుకున్నాను. ఏం, మీకు మనసులో అదే కదా!”

“ఇల్లు కట్టుకున్నావని ఎవరేమన్నార్రా. వార్డు మీటింగుకు రావడం మానేశావు. గుట్ట మీంచి ఒక్కడూ రాడు. కింద వీధుల్లో నీళ్ళ పంపులు ఎండిపోయాయని మేం నాలుగుసార్లు మొత్తుకుంటే వినేవాడు లేడు. మొన్న బేకరీ దగ్గర గొట్టం తగిలిస్తే పంపులోంచి గాలొచ్చింది, గాలి.”

“మాకు సొంత ఫైరింజన్ ఉంది. నెలనెలా డబ్బు కట్టుకుంటున్నాం. మీ పంపుల జోలికి మేం రావడం లేదుగా!”

“అందుకేగా పంపులు ఎండింది. నీకక్కర్లేదు గనక నువ్వు అడగవు. మాకడిగే ఓపిక లేదు. రెండు షిఫ్టులు చేసొచ్చినవాడు మీటింగులో కూర్చుని కునుకు తీస్తాడు తప్ప ఏమడుగుతాడు?”

పెద్దవాడు చేతి గడియారం చూసుకున్నాడు.

అంతలో తలుపు తోసుకుంటూ మంగలి వచ్చాడు. దళంలో నీళ్ళ పంపు తిప్పే మనిషి. పూర్వం సైరన్ లేని రోజుల్లో గంట కొట్టేవాడు కాబట్టి ఊళ్ళో ఇప్పటికీ అతన్ని గంట అనే పిలుస్తారు. మేనేజరును చూసి గుమ్మంలోనే ఆగాడు.

“దండాలు సార్. గడ్డం నున్నగా ఉందే! గుట్ట మీద ఎవడో చెయ్యి తిరిగినవాడే దొరికాడు.” తర్వాత అమ్మ వైపు తిరిగాడు. “మన వీధి మగాళ్ళంతా నా కొట్టుకు రావడం మానేశారు కెప్టెనమ్మా. మన దళం మీద కోపమట. నామీద కసి కొద్దీ గడ్డాలు పెంచుతున్నారు. ఇంకో నెలాగితే వీధి వీధంతా సన్యాసుల మఠం.”

ఎవరూ నవ్వలేదు. చిన్నవాడి పెదవి మాత్రం ఒక్కసారి కదిలింది.

“కట్టు మార్పించుకోవాలి, పద తమ్ముడూ. ఆస్పత్రిలో జనం పెరక్కముందే వెళ్దాం.”

చిన్నవాడు మోచేత్తో గోడను నొక్కి లేచాడు. గుమ్మం దగ్గర అన్న పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

“అన్నయ్యా, నువ్వు నాకోసం వాళ్ళను బతిమాలావని తెలుసు. కానీ నేను మర్చిపోయానంటే రేపట్నుంచి ఆ షెడ్డులో టోపీ తగిలించే మనిషే ఉండడు. అంతే.”

అతను వెళ్ళాక పెద్దవాడు మరదలి వైపు చూశాడు.

“నువ్వయినా చెప్పమ్మా వాడికి. నీ మాట వింటాడు.”

ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని తల వంచుకుని నిలబడింది. పెద్దవాడు ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆగడానికి భయపడ్డట్టు గబగబా మెట్లు దిగి కారెక్కాడు.

అమ్మకు ఆ తొందర నచ్చలేదు. వాడు చిన్నప్పుడు అలమరలో అద్దం పగలగొట్టిన రోజు ఇలాగే మెట్లు దిగాడు.

కోటు చెయ్యి లోపల మెత్తగా వెయ్యడానికి గుడ్డ కావాలి. మిషను కింద ముక్కల సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. వేళ్ళకు ముతక నూలు తగిలింది, అంచున రెండు వరసల కుట్టు. చూడకుండానే తెలిసింది. మిల్లు టోపీలన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. పిడికి తగిలించే పట్టీని రెండుసార్లు కుట్టేది ఆమె ఒక్కతే.

బయటికి తీసింది. పట్టీ ఒక పక్క చిరిగి వేలాడుతోంది. లోపల చిన్నవాడి మిషను నంబరు.

అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వంటింట్లో కోడలు గ్లాసు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

“అమ్మాయ్.”

కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. టోపీని చూసింది. చేతుల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

“దాచాలనుకుంటే పిండి డబ్బాలో దాచేదానివి,” అంది అమ్మ. “రోజుకు పదిసార్లు నా చెయ్యి పడే సంచిలో పెట్టావు.”

కోడలు అలాగే గడప మీద కూర్చుండిపోయింది.

“ఆయన తగిలించారత్తయ్యా. నా కళ్ళముందే తగిలించారు. నాది ఆయన పక్క మిషనేగా, పిడి నాకు చెయ్యి చాస్తే అందేంత దూరం.”

“మరి?”

“తియ్యలేదు.”

ఆ మాట చెప్పాక ఆమెకు ఊపిరి అందింది. మిగతాదంతా ఒక్క పెట్టున వచ్చింది.

“ఇదివరకు వరుస మొత్తానికి ఒకటే కూలి కదా. ఎవరు ఎవరి మిషను చూసినా ఒకటే. ఏడాది నుంచి ఎవరి మిషను లెక్క వాళ్ళదే. పై గ్రేడుకు వెళ్తే రెట్టింపు, కిందికి పడితే ఇంటద్దెకు కూడా రాదు. పోయినసారి సైరన్ మోగినప్పుడు ఆయన టోపీ నేనే పెట్టుకున్నాను. రెండు మిషన్ల మధ్య పరిగెత్తాను. నా దారాలు తెగిపోయాయి, గ్రేడు పోయింది. ఎవరూ అయ్యో అని కూడా అనలేదు. నా అవతలి మిషను ముసలాయన నవ్వాడు కూడా. ఈసారి వేరే ఎవరైనా తియ్యనీ అనుకున్నాను. ఒక్కసారికి. ఎవరో ఒకరు తీస్తారుగా అనుకున్నాను.”

“ఎవరూ తియ్యలేదు.”

“అందరూ చూశారత్తయ్యా. చూసి దారాల మీదికి వంగిపోయారు. నేను తలెత్తాను. అప్పుడు...” ఆమె ఆగింది.

“చెప్పు.”

“పైన మేనేజరు గాజుగదిలో బావగారు నిలబడి ఉన్నారు. టోపీ వంకే చూస్తున్నారు. అమ్మయ్య, ఆయనకు తెలుసు, తమ్ముడి మిషనేగా, ఎవర్నో ఒకర్ని పంపుతారు అనుకుని నా పని నేను చూసుకున్నాను. కాసేపాగి చూస్తే ఆయన అక్కడ లేరు. తర్వాత మోటారు దగ్గర పొగ. అందరూ అటు పరిగెత్తారు. నేను టోపీ లాగేశాను. అది అక్కడ కనపడితే పక్కన ఎవరున్నారని అడుగుతారుగా! భయం వేసింది. లాగినప్పుడే పట్టీ చిరిగింది.”

వీధిలోంచి ఏదో బండి వెళ్ళింది. ఇంటి అద్దాలు కొంచెం కదిలి ఊరుకున్నాయి.

“వారం నుంచి నా చేత్తో ఆయనకు అన్నం తినిపిస్తున్నాను. ‘నేను తగిలించాను కదే’ అని నన్నే అడుగుతున్నారు. ‘అవును, తగిలించే ఉంటారు’ అంటున్నాను. నన్నేం చెయ్యమంటారో చెప్పండి అత్తయ్యా. మీరేం చెప్తే అది చేస్తాను.”

అమ్మ సూదిలో దారం ఎక్కించింది. ఒకసారికి ఎక్కలేదు. రెండోసారికీ ఎక్కలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“నువ్వు నోరు విప్పితే నీ పని పోతుంది. విప్పకపోతే వాడి పని పోతుంది. గాజుగది సంగతి కూడా చెప్తే పెద్దవాడిదీ పోతుంది. ముగ్గురూ నావాళ్ళే. నన్ను ఏరుకోమంటావా? నావల్ల కాదమ్మా.”

చిరిగిన పట్టీని టోపీకి పెట్టి కుట్టింది. రెండుసార్లు కుట్టింది. దారం పంటితో కొరికి, టోపీ కోడలి చేతిలో పెట్టి, మళ్ళీ కోటు పని మొదలుపెట్టింది.

మూడింటికి షెడ్డులో బల్ల వేశారు. ఆగిపోయిన వరుస పక్కనే. మిగతా వరుసలు నడుస్తున్నాయి, ఆ హోరులో అందరూ కొంచెం గొంతు పెంచే మాట్లాడాలి. హెడ్డాఫీసు ఆవిడ నెరిసిన జుట్టుతో, దుమ్ము పట్టిన నడక బూట్లతో వచ్చింది. బల్లకు ఒక పక్క ఆమె, మరో పక్క పెద్దవాడు. ఎదురుగా చిన్నవాడు. వెనక బెంచీల మీద ఆ వరుస కార్మికులు, వాళ్ళ మధ్య చిన్నకోడలు. సైరన్ ఎప్పుడు మోగించిందీ చెప్పడానికి కెప్టెనమ్మను కూడా పిలిపించారు. ఆమె ఇనుప టోపీ ఒళ్ళో పెట్టుకుని చివర కూర్చుంది.

“టోపీ తగిలించారా?” అడిగింది ఆవిడ.

“తగిలించానండి.”

“ఎవరు తీసుకున్నారు?”

“చూడలేదండి. చూడకూడదు.”

ఆవిడ పెద్దవాడి వైపు తిరిగింది. అతను పద్ధతి వివరించాడు. ఆవిడ శ్రద్ధగా వింది. తర్వాత బెంచీల వైపు చూసింది.

“మిషను మీద టోపీ మీలో ఎవరైనా చూశారా?”

పని మీద ఉన్నామని ఒకరు, దారం తెగితే వంగి ఉన్నామని ఒకరు గొణిగారు. చిన్నవాడు నేల చూపులు చూస్తున్నాడు.

“సరే. ఇంకో ప్రశ్న. దీనికీ కేసుకీ సంబంధం లేదు. మీ వార్డు మీటింగులకు ఎంతమంది వెళ్తారు?”

బెంచీల మీద వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీ ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“ఒకప్పుడు వెళ్ళేవాళ్ళమండీ. టీ ఇచ్చేవారు. ఇప్పుడు టీ లేదు.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, కానీ ఎక్కువసేపు కాదు.

“మన కంపెనీ మిల్లులు చాలా దేశాల్లో ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా నేను ఇదే అడుగుతాను. ఇవే మిషన్లు, ఇదే దారం. ఒకచోట పైవాడికీ కిందివాడికీ కూలిలో పెద్ద తేడా ఉండదు. అక్కడివాళ్ళు ఊరి పనులకు వెళ్తారు, మీటింగుల్లో అరుచుకుంటారు, పక్కవాడి మిషను కూడా చూస్తారు. ఆ మిల్లు బాగా నడుస్తుంది. ఇంకోచోట ఎవడి లెక్క వాడిదే. మొదటి ఏడాది అంకెలు పైకి లేస్తాయి. అందరూ సంబరపడతారు. తర్వాత ఇదిగో, ఇలా ఒక వరుస ఆగిపోతుంది.” ఆవిడ చల్లబడిన మిషన్ల మీద చెయ్యి వేసింది. “కొత్త కూలి పద్ధతి అడిగింది ఈ షెడ్డే కదా మేనేజరుగారూ?”

“అవునండి,” అన్నాడు పెద్దవాడు. “మా అంకెలు బాగా పెరిగాయి.”

“ఈ ఏడాది?”

పెద్దవాడు ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

అప్పుడు చిన్నకోడలు లేచి నిలబడింది.

ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి టోపీ తీసింది. బల్ల దగ్గరికి వచ్చి దాన్ని ఆవిడ ముందు పెట్టింది. గొంతు పెంచకుండానే మాట్లాడింది. హోరులోనూ ఆ మాట వినపడింది.

“ఆయన తగిలించారు. నేను చూశాను. చెయ్యి చాస్తే అందేది. నా గ్రేడు పోతుందని తియ్యలేదు. తర్వాత భయమేసి దాచాను. తప్పు నాది.”

చిన్నవాడు తలెత్తాడు. ఆమె అతని వైపు చూడలేదు. అతను లేవబోయి, కట్ల చేతులు బల్లకు తగిలి, మళ్ళీ కూలబడ్డాడు. మొహంలో కోపం లేదు. అంతకన్నా కష్టమైనదేదో ఉంది.

బెంచీ కిర్రుమంది. ముసలాయన నిలబడ్డాడు.

“నేనూ చూశానండి,” అన్నాడు. “ఆ అమ్మాయి మిషనుకు అవతల పక్క నాది.”

“కూర్చోవయ్యా, పింఛను పోతుంది,” అని ఎవరో చొక్కా లాగారు.

“పోనీవోయ్. వారం నుంచి నా నిద్రా పోయింది, దాని లెక్కెవరిస్తారు?”

తర్వాత ఇంకొకామె లేచింది. చూశానంది. ఆమె పక్కనతను లేవకుండానే చెయ్యి ఎత్తాడు. ఒక్కొక్కరే. ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు. చివరకు బెంచీల మీద ఎత్తని చెయ్యి లేదు.

హెడ్డాఫీసు ఆవిడ చేతులన్నీ చూసింది.

“ఇంకెవరైనా చూశారా?”

ఆ ప్రశ్న బెంచీలను అడిగిందో, షెడ్డును అడిగిందో తెలియలేదు. కెప్టెనమ్మ మాత్రం పెద్దకొడుకును చూసింది. పెద్దవాడు గాజుగది వైపు చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టి కూర్చున్నాడు.

చిన్నకోడలికి ఇంకొక్క మాట మిగిలే ఉంది. నాలిక చివరే ఉంది. ఆమె దాన్ని అనలేదు.

బల్ల మీది టోపీ తీసుకుంది. బల్ల చుట్టూ తిరిగి బావగారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కొత్తగా కుట్టిన పట్టీని కుర్చీ వీపు కొమ్ముకు తగిలించింది. తర్వాత వెనక్కి తిరిగి తన ఆగిపోయిన మిషను వైపు నడవడం మొదలుపెట్టింది.

ఆ పని అర్థం కానివాళ్ళు ఆ షెడ్డులో ఒక్క హెడ్డాఫీసు ఆవిడే. కాసేపటికి ఆవిడకూ అర్థమయింది. చిన్నవాడు అన్న మొహంలోకి చూస్తున్నాడు. కెప్టెనమ్మ ఒళ్ళో ఇనుప టోపీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. బావగారు లేచింది టోపీ కోసమో, తలుపు కోసమో.

ఆమె వెనక్కి చూడలేదు.